తపాలా బిళ్ళలపై హిమక్రీడలు: ఒక పరిశీలన

తపాలా బిళ్ళ మొదట ఒక రసీదు. ఉత్తరాన్ని చేరవేయడానికి చెల్లవలసిన రుసుము ముందుగానే చెల్లినదని చెప్పే చిన్న కాగితపు ముక్క. 1840వ సంవత్సరం మే నెలలో, రోలండ్ హిల్ ప్రతిపాదించిన సంస్కరణల ఫలితంగా, ఇంగ్లండులో ‘పెన్నీ బ్లాక్’ అనే నల్లని బిళ్ళ వెలువడినది. అంతవరకు సాధారణంగా ఉత్తరం అందుకున్నవారే రుసుము ఇచ్చుకోవలసి వచ్చేది. మన ఉపఖండంలో 1852లో సింధు ప్రాంతానికి ‘సింద్ డాక్’ బిళ్ళలు, 1854లో బ్రిటిషు ఇండియా అంతటికీ వర్తించే బిళ్ళలు వచ్చినవి. హైదరాబాదు నిజాం ప్రభుత్వం 1869 నుండి సొంత బిళ్ళలను నడిపినది. 1871 నాటి హైదరాబాదు బిళ్ళపై విలువ పారసీ లిపిలో, తెలుగులో, దేవనాగరిలో, ఇంగ్లీషులో, ఇలా నాలుగు లిపులలో కనిపిస్తుంది. ఉర్దూ, తెలుగు రచనలు ఒకే అట్టల మధ్య చోటు పంచుకునే మన వార్షిక సంచిక వంటి దానికి ఆ అంగుళం బిళ్ళ ఒక పూర్వరూపమని చెప్పవచ్చును.

రసీదుగా పుట్టిన ఈ బిళ్ళ క్రమంగా దేశాల ముఖచిత్రమైనది. రాజుల తలలు పోయి పక్షులు, వంతెనలు, శాస్త్రజ్ఞులు, క్రీడలు దానిపైకి వచ్చినవి. సేకరణకర్తలు కూడా ‘ఒక దేశం బిళ్ళలు’ అనే పాత పద్ధతితో పాటు ‘ఒక విషయం బిళ్ళలు’ అనే కొత్త పద్ధతిని అవలంబించిరి. దీనినే విషయానుసార సేకరణ అంటారు. అట్టి విషయాలలో హిమక్రీడలు, అనగా మంచుపైన, గడ్డకట్టిన నీటిపైన ఆడే ఆటలు, ఒకటి. ఈ వ్యాసంలో ఆ సేకరణను విద్యార్థుల ముందు ఒక పాఠంగా ఉంచదలచినాము.

ఎండల సీమకు ఈ విషయమెందుకు?

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల విద్యార్థికి మంచు అంటే పుష్య మాసపు తెల్లవారుజామున గడ్డిపరకలపై నిలిచే తేమ. లేదా సోడా బండివాడు గోనెపట్టాలో చుట్టి ఉంచే గడ్డ. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండలో, వాన కోసం, వెలిగొండ నీటి కోసం ఎదురుచూసే ఈ నేలకు స్కీ ఆటలతో పని ఏమున్నదని ఎవరైనా అడగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే.

సమాధానం ఇది. తెలిసిన విషయంపై బిళ్ళలు సేకరించేవాడు తనకు తెలిసినదే మరల చూచుకుంటాడు. తెలియని విషయాన్ని చేపట్టినవాడు ప్రతి బిళ్ళ దగ్గరా ఆగి, ‘ఇది ఏమిటి? ఎక్కడిది? ఎప్పటిది? ఎందుకు వేసిరి?’ అని అడగక తప్పదు. ఆ నాలుగు ప్రశ్నలే విద్య. అంతే కాదు, హిమక్రీడల బిళ్ళలలో మన ప్రాంతపు కుటుంబాలకు దగ్గరి సంబంధం గల ఒక విచిత్రమైన అధ్యాయం ఉన్నది. గల్ఫ్ ఎడారులు ముద్రించిన మంచు బిళ్ళల కథ అది. దానిని ముందు చెప్పబోతున్నాము.

చరిత్రక్రమం

స్కీ ఆటను, మంచు మీది స్కేటింగును బొమ్మలుగా వేసిన తొలినాటి బిళ్ళలలో హంగేరీ దేశం 1925లో విడుదల చేసిన క్రీడల వరుస ప్రసిద్ధమైనది. అంతకు ఒక్క ఏడు ముందు, 1924 జనవరి 25 నుండి ఫిబ్రవరి 5 వరకు, ఫ్రాన్సులోని షామొనీ పట్టణంలో హిమక్రీడల వారోత్సవం జరిగినది. అది తొలి శీతకాల ఒలింపిక్స్ అని తరువాత గుర్తించిరి గాని, జరిగేనాటికి దానికి ఆ పేరు లేదు. ఆ ఏట ఫ్రాన్సు వేసిన ఒలింపిక్ బిళ్ళలు పారిస్‌లో జరిగిన వేసవి క్రీడలకే చెందినవి.

శీతకాల ఒలింపిక్స్ కొరకే వెలువడిన మొదటి బిళ్ళ అమెరికాది. లేక్ ప్లాసిడ్‌లో జరగనున్న మూడవ శీతకాల క్రీడల సందర్భంగా 1932 జనవరి 25న రెండు సెంట్ల ఎర్రని బిళ్ళను విడుదల చేసిరి. దానిపై గాలిలోకి లేచిన స్కీ వీరుడొకడు ఉన్నాడు. అతని చేతులలో కర్రలు కనిపిస్తాయి. స్కీపై దూకే పోటీలో చేతికర్రలు పట్టుకోరు. కనుక ఆ బొమ్మ ఆట తెలిసినవారి విమర్శకు గురి అయినది. ప్రభుత్వ ముద్ర ఉన్నంత మాత్రాన ప్రతి బొమ్మా సత్యం కాదని ఈ సేకరణ మొదటి బిళ్ళే మనకు నేర్పుతున్నది.

జర్మనీ 1936లో గార్మిష్-పార్టెన్‌కిర్షెన్ క్రీడలకు ముందుగా, 1935 నవంబరులో మూడు బిళ్ళలు వేసినది. స్కేటింగు పరుగు, స్కీ దూకుడు, బాబ్‌స్లెడ్ బండి వాటిపై ఉన్నవి. వాటిపై తపాలా విలువతో పాటు అదనపు చందా మొత్తం కూడా ముద్రితమైనది. 6 ఫెన్నిగ్‌ల బిళ్ళకు మరి 4, 12కు మరి 6, 25కు మరి 15. హిట్లరు పాలన లోకానికి తన నవ్వు ముఖాన్ని చూపదలచిన కాలమది. అందమైన బిళ్ళ వెనుక ఎట్టి ప్రభుత్వమున్నదో తెలుసుకోవడం కూడా సేకరణలో భాగమే.

ఆ తరువాత ఆల్బములో ఒక ఖాళీ పుట వస్తుంది. 1940 శీతకాల క్రీడలు జపానులోని సప్పోరోకు నిర్ణయమై, చేతులు మారి, చివరకు యుద్ధం వల్ల రద్దయినవి. 1944లో ఇటలీలోని కార్టీనాలో జరగవలసినవీ జరగలేదు. జాగ్రత్త గల సేకరణకర్త ఆ పుటను తీసివేయడు. ఆ రెండు సంవత్సరాలు వేసి, ఖాళీగానే ఉంచుతాడు. రెండవ ప్రపంచ యుద్ధాన్ని గురించి అంత క్లుప్తంగా చెప్పే పాఠం మరొకటి ఉండదు.

1948లో స్విట్జర్లాండులోని సెయింట్ మోరిట్జ్ క్రీడలతో వరుస మరల మొదలైనది. 1952 ఓస్లో క్రీడలకు నార్వే, 1956 కార్టీనా క్రీడలకు ఇటలీ, 1960 స్క్వా వ్యాలీ క్రీడలకు అమెరికా బిళ్ళలు వేసినవి. 1964 ఇన్స్‌బ్రుక్ క్రీడలకు ఆస్ట్రియా ఏడు బిళ్ళలను, 1968 గ్రెనోబుల్ క్రీడలకు ఫ్రాన్సు ఐదు బిళ్ళలను విడుదల చేసినవి. 1972లో సప్పోరోలో జరిగినవి ఆసియా ఖండంలో మొదటి శీతకాల ఒలింపిక్స్. ముప్పది రెండేళ్ళ క్రితం చేజారిన గౌరవం ఆ నగరానికి అప్పుడు దక్కినది. 1998లో నగానో, 2018లో ప్యాంగ్‌చాంగ్, 2022లో బీజింగ్ నగరాలు ఆసియా పేరు నిలిపినవి.

బొమ్మను చూచి ఆటను గుర్తించుట

మంచు చూడని మనకు ఈ బొమ్మలు మొదట ఒకే విధంగా కనిపిస్తాయి. కొన్ని గుర్తులు తెలిసినచో చిక్కు విడిపోతుంది.

కాళ్ళకు పొడవాటి సన్నని పట్టీలు బిగించుకొని, చేతికర్రలతో వాలు దిగేది కొండ స్కీ. దారిలో పాతిన జెండాల మధ్య మెలికలు తిరుగుతూ దిగితే దానిని స్లాలమ్ అంటారు. సమతల భూమిపై కర్రలతో తోసుకుంటూ మైళ్ళ కొలది సాగేది దూరపు స్కీ. ఆ మనిషి వీపున తుపాకి ఉన్నచో అది బయాత్లాన్; స్కీ పరుగు, గురి చూచి కాల్చడం రెండూ కలిసిన పోటీ. గాలిలో మనిషి ముందుకు వంగి, చేతులు ఒంటికి చేర్చి ఉన్నచో అది స్కీ దూకుడు.

మంచు సొరంగం వంటి దారిలో జారే బండ్లు మూడు రకాలు. ఇద్దరు లేక నలుగురు లోపల కూర్చున్న పడవ వంటిది బాబ్‌స్లెడ్. వెల్లకిలా పడుకొని, కాళ్ళు ముందుగా జారేది లూజ్. బోర్లా పడుకొని, తల ముందుగా జారేది స్కెలిటన్. ఈ మూడింటిని గుర్తించలేక అమ్మకపు పొట్లాలపై తప్పు పేర్లు వ్రాసేవారు కలరు.

ఇక కర్లింగ్ అనే ఆట ఉన్నది. గడ్డకట్టిన నేలపై పిడి గల గుండ్రని రాతిని గమ్యం వైపు జారవిడుస్తారు. దాని ముందు ఇద్దరు చీపుళ్ళ వంటి వాటితో మంచును రుద్దుతూ నడుస్తారు. మన విద్యార్థులకు ఇది వెంటనే నచ్చుతుందని మా నమ్మకం; ఏలనగా ఇది రాతిపని ఎరిగిన ఊరి వారికి అర్థమయ్యే ఆట. ఆ రాయి బరువు దాదాపు ఇరవై కిలోలు. స్కాట్లండు తీరాన గల ఐల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి గ్రానైటు దీనికి ప్రసిద్ధి. మార్కాపురపు పలక రాయి పొరలు పొరలుగా చీలుతుంది. ఆ గుణమే దానిని బడిపిల్లల చేతికి, ఇళ్ళ కప్పులకు, నేలలకు పనికివచ్చేలా చేసినది. ఐల్సా క్రెయిగ్ రాయి దీనికి పూర్తిగా విరుద్ధం. దాని స్ఫటికాలు ఒకదానిలో ఒకటి బిగుసుకొని ఉండడం వలన అది నీటిని లోనికి పీల్చదు, మంచులో పగలదు, రాయికి రాయి తగిలినా చిట్లదు. ఒక బిళ్ళ బొమ్మ నుండి భూగర్భశాస్త్రంలోకి పోవడానికి ఇంతకన్న దగ్గరి దారి లేదు.

ఆటల చరిత్ర తెలిసినచో బిళ్ళ వయస్సునూ ఊహించవచ్చును. బయాత్లాన్ ఒలింపిక్స్‌లో 1960లోను, లూజ్ 1964లోను చేరినవి. మంచు పలకపై నిలబడి జారే స్నోబోర్డు 1998లో చేరినది. కర్లింగ్ పతకాల పోటీగా తిరిగి వచ్చినది కూడా ఆ ఏడే. కనుక లూజ్ బండి బొమ్మ గల ఒలింపిక్ బిళ్ళను చూపి, ‘ఇది 1948 నాటి అరుదైన బిళ్ళ’ అని ఎవరైనా చెప్పినచో నమ్మవలసిన పని లేదు.

ఎడారి దేశాల మంచు బిళ్ళలు

ఇప్పుడు అసలు విషయానికి వచ్చుచున్నాము. చవక పొట్లాలలో దొరికే హిమక్రీడల బిళ్ళలను పరిశీలించినచో అజ్మాన్, ఫుజైరా, ఉమ్ అల్ కువైన్, రస్ అల్ ఖైమా, షార్జా, మనామా అనే పేర్లు మరల మరల కనిపిస్తాయి. పెద్ద బిళ్ళలు, మెరిసే రంగులు, కొన్నింటిపై బంగారు పూత. గ్రెనోబుల్ విజేతలు, సప్పోరో విజేతలు. ఆ పేర్లు వినగానే మన విద్యార్థులలో కొందరికి నాన్న, మామ, అన్న పనిచేసే ఊళ్ళు గుర్తుకు వస్తాయి. అక్కడ మంచు ఎక్కడిది?

దీనికి కారణం తెలుసుకోదగినది. 1963, 1964 సంవత్సరాలలో ఆ చిన్న పాలెగాండ్ర రాజ్యాలు తమ సొంత తపాలా బిళ్ళలను మొదలుపెట్టినవి. అప్పటికి వాటిలో చాలావాటికి చమురు ఆదాయం లేదు. అజ్మాన్ విస్తీర్ణం దాదాపు 260 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మనామా అజ్మాన్‌కే చెందిన ఒక లోతట్టు ముక్క. అట్టి రాజ్యాల దగ్గరకు విదేశీ బిళ్ళల వర్తకులు వచ్చిరి. ఫిన్‌బార్ కెన్నీ అనే అమెరికను వర్తకుడు వారిలో పేరు మోసినవాడు. ఒప్పందం సులువైనది: దేశం పేరు మీది, ముద్రణ మాది, అమ్మకం మాది, మీ వాటా మీకు ముట్టుతుంది. ఆ విధంగా ఒలింపిక్స్, అంతరిక్ష యాత్రలు, చిత్రకళ, జంతువులు, ఏది పిల్లలను ఆకర్షించునో అది ముద్రింపబడినది. బిళ్ళలలో అధిక భాగం ఆ దేశపు పోస్టాఫీసు ముఖమే చూడలేదు. అచ్చాఫీసు నుండి నేరుగా ఐరోపా, అమెరికా అంగళ్ళకు చేరినవి. సేకరణకర్తలు వీటికి ‘ఇసుకదిబ్బల బిళ్ళలు’ అని ఎగతాళి పేరు పెట్టిరి. స్టాన్లీ గిబ్బన్స్ వంటి ప్రసిద్ధ జాబితాలలో ఇటువంటి వాటిలో అనేకం ప్రధాన పుటలలో గాక అనుబంధంలో మాత్రమే చోటు సంపాదించినవి. 1971 డిసెంబరు 2న అరబ్ ఎమిరేట్ల సమాఖ్య ఏర్పడిన తరువాత, 1973 నుండి సమాఖ్య బిళ్ళలు వచ్చి ఈ ప్రవాహం ఆగినది.

వీటిని గుర్తుపట్టడం కష్టం కాదు. బిళ్ళపై తపాలా ముద్ర ఉండును గాని, ఒక మూలన, కొలిచి వేసినట్లు చక్కగా ఉండును. వెనుకకు త్రిప్పి చూచినచో జిగురు చెక్కుచెదరక ఉండును. ఉత్తరంపై అంటించి, ప్రయాణం చేసి, నీటిలో నానిన బిళ్ళకు జిగురు మిగలదు కదా! అనగా ఆ ముద్ర ప్రయాణానికి గుర్తు కాదు. అచ్చుతో పాటే వేసిన అలంకారం. కొన్ని తూర్పు ఐరోపా దేశాలు కూడా ఈ పద్ధతిని అనుసరించినవి.

ఇందులో విద్యార్థికి రెండు పాఠాలు ఉన్నవి. మొదటిది ధనానికి సంబంధించినది. ‘అరుదైనవి, ముందు ముందు వేలు పలుకుతాయి’ అనే మాటతో ఇట్టి బిళ్ళలను పిల్లలకు అంటగట్టడం చాలాకాలంగా ఉన్నది. ఇవి లెక్కకు మించి అచ్చయినవి. వీటి ధర పెరుగుతుందని ఆశించి ఫీజు డబ్బు, పండుగకు పెద్దలిచ్చిన ఈదీ డబ్బు వెచ్చించడం తగదు. అందం కొరకు, పాఠం కొరకు కొద్ది పైసలకు కొన్నచో దోషం లేదు. రెండవది గౌరవానికి సంబంధించినది. తపాలా బిళ్ళ ఒక ప్రభుత్వం ఇచ్చే మాట. ‘ఈ కాగితం ఉన్న ఉత్తరాన్ని చేరుస్తాము’ అన్నదే ఆ మాట. ఆ మాటను అద్దెకు ఇచ్చినప్పుడు దేశం పేరు బిళ్ళపై మిగులుతుంది గాని, దేశం మిగలదు. పేదరికం ఆ రాజ్యాల చేత ఆ పని చేయించినది. వారిని పరిహసించే హక్కు మనకు లేదు. అయితే పేదరికంలో తన పేరును ఎవరి చేతిలో పెడుతున్నామో చూచుకోవలెనన్న ఎచ్చరిక మాత్రం మన వంటి ప్రాంతాలకు పనికివస్తుంది.

కాలం చేసే చమత్కారం మరొకటి ఉన్నది. 2005లో దుబాయిలో ఒక పెద్ద అంగడి సముదాయం లోపల, యంత్రాలతో చేసిన మంచుతో స్కీ వాలును తెరిచిరి. ముప్పది ఐదేళ్ళ నాడు పొరుగు ఎమిరేట్ల బిళ్ళలపై అబద్ధంగా కనిపించిన ఎడారి మంచు ఈ విధంగా నిజమైనది.

మన దేశం, మన మంచు

హిమాలయాలు గల దేశం మనది. మంచును గురించిన మన బిళ్ళలు ఎక్కువగా పర్వతారోహణకు చెందినవి. ఎవరెస్టు విజయంపై 1953 అక్టోబరు 2న రెండణాల, పదునాలుగణాల బిళ్ళలు వచ్చినవి. భారత బృందం 1965లో అదే శిఖరాన్ని ఎక్కినప్పుడు ఆ ఏటి స్వాతంత్ర్య దినోత్సవాన 15 పైసల బిళ్ళ వెలువడినది. 1978లో కాంచనగంగ విజయంపై బిళ్ళలు వచ్చినవి. డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం నాయకత్వాన మొదటి భారత బృందం 1982 జనవరిలో అంటార్కిటికాపై అడుగుపెట్టగా, మరుసటి ఏడు దాని స్మారకంగా రూపాయి బిళ్ళ విడుదలైనది. 1984లో అక్కడి దక్షిణ గంగోత్రి స్థావరంలో మన తపాలా శాఖ పోస్టాఫీసు తెరిచినది. 2024 ఏప్రిల్‌లో భారతి స్థావరంలోనూ ఒకటి ప్రారంభమైనది. ఇవి ఆటలు కావు గనుక హిమక్రీడల వరుసలో చేరవు. అయినను ‘మంచు – మన దేశం’ అనే ముందుమాట పుటకు ఇవే తగినవి.

క్రీడాకారుల విషయానికి వచ్చినచో, శీతకాల ఒలింపిక్స్‌లో మన దేశం మొదట 1964లో ఇన్స్‌బ్రుక్‌లో పాల్గొన్నది. జెరెమీ బుజకోవ్‌స్కీ అనే ఒక్క స్కీ క్రీడాకారుడే అప్పటి మన జట్టు. హిమాచల ప్రదేశానికి చెందిన శివ కేశవన్ 1998 నుండి 2018 వరకు ఆరు ఒలింపిక్స్‌లలో లూజ్ పోటీలో పాల్గొన్నాడు. 2022లో బీజింగ్‌కు కాశ్మీరుకు చెందిన ఆరిఫ్ ఖాన్ ఒక్కడే వెళ్ళి, మన జెండాను మోసి, జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం పొందినాడు. పతకాల పట్టికలో ఆ అంకెకు చోటు లేదు. కాని గుల్మార్గ్ వాలుల నుండి అంతదూరం పోవడానికి పట్టిన శ్రమ తెలిసినవారికి ఆ అంకె చిన్నది కాదు. 2020లో లేహ్, గుల్మార్గ్‌లలో తొలి ఖేలో ఇండియా శీతకాల క్రీడలు జరిగినవి.

తెలుగువారికి మంచు అందదని కూడా అనరాదు. 2014 మే 25న నిజామాబాదు ప్రాంతపు మాలావత్ పూర్ణ, ఖమ్మం ప్రాంతపు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కిరి. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. ఎండల నేలపై పుట్టిన పిల్లలు లోకంలోని ఎత్తైన మంచుపై నిలిచిరి. ఈ విషయం కూడా మన ఆల్బములో ఒక వ్రాత పంక్తిగా ఉండదగినది.

సేకరించే విధానం

పనిముట్లు కొద్ది చాలును: మొన చదునుగా ఉండే చిన్న పట్టకారు, భూతద్దం, బిళ్ళలు నిలిపే పుస్తకం. వ్రేళ్ళతో బిళ్ళను తాకరాదు. చెమట, నూనె మరకలు పోవు. కాగితంపై అంటిన పాత బిళ్ళను శుభ్రమైన నీటిలో పది, పదిహేను నిముషాలు నానబెట్టినచో తానే విడిపోతుంది; లాగరాదు. మన ప్రాంతపు బోరు నీటిలో లవణాలు హెచ్చు. ఆరిన పిదప తెల్లని మచ్చ మిగిలే అవకాశమున్నది. కనుక తాగే శుద్ధజలాన్ని వాడడం మేలు. స్టిక్కరు వలె అంటుకునే కొత్త బిళ్ళలు నీటికి లొంగవు. వాటిని చుట్టూ కాగితంతో సహా కత్తిరించి ఉంచవలెను. ఎండలో ఆరబెట్టరాదు, రంగు వెలిసిపోతుంది. పుస్తకాన్ని పడుకోబెట్టక నిలువుగా ఉంచవలెను. లేనిచో వానాకాలపు తేమకు జిగురు పుటకు అంటుకుంటుంది.

విషయానుసార సేకరణకు ప్రాణం ప్రణాళిక. దొరికినదెల్లా అంటించినది మూట అవుతుంది, ఆల్బము కాదు. పదహారు పుటల చిన్న ప్రణాళికను ఇక్కడ సూచిస్తున్నాము: ముందుమాటకు ఒకటి; 1925 నుండి 1936 వరకు రెండు; యుద్ధకాలపు ఖాళీ పుట ఒకటి; 1948 నుండి 1972 వరకు నాలుగు; ఆటల గుర్తింపుకు నాలుగు; ఎడారి బిళ్ళలకు రెండు; ఆసియా, భారతదేశాలకు రెండు. ప్రతి బిళ్ళ క్రింద దేశం, సంవత్సరం, ఆట, ఒక్క వాక్యం వ్రాయవలెను. ఆ వాక్యాన్ని ఒక పుట తెలుగులో, ఎదుటి పుట ఉర్దూలో వ్రాసినచో ఇరుభాషల విద్యార్థులు కలిసి చేసే పని అవుతుంది. దూకుడు, జారుడు, వాలు, మెలిక వంటి మాటలకు ఉర్దూలో ఏమనవలెనో, స్లాలమ్‌ను ఉన్నదున్నట్లు ఉంచవలెనో కాదో వారు చర్చించుకొనుటే ఒక భాషాభ్యాసం.

ఇంటి పెట్టెలలోని బిళ్ళలు

కొనవలసిన బిళ్ళలకన్న ముందు వెదకవలసినవి ఇంటిలోనే ఉన్నవి. మన ప్రాంతం నుండి కువైట్, దుబాయి, సౌదీ దేశాలకు వెళ్ళినవారు ఫోను సులభం కాని రోజులలో వ్రాసిన ఉత్తరాల కవర్లు అనేక ఇళ్ళలో పాత రేకు పెట్టెలలో ఉండవచ్చును. వాటిపై ఉన్న బిళ్ళలు చూడడానికి సాదావి. పాలకుని తల, ఒక డేగ, ఒక ఓడ. కాని అవి సముద్రం దాటి వచ్చిన బిళ్ళలు. అజ్మాన్ పేరిట అచ్చయిన మెరిసే స్కీ వీరుని ప్రక్కన, అక్కడి నుండి ఒక తండ్రి తన బిడ్డకు వ్రాసిన ఉత్తరపు మాసిన కవరును ఉంచి చూడుడు. మొదటిది ఎక్కడికీ పోలేదు. రెండవది చేరవలసిన ఇంటికి చేరినది. తపాలా బిళ్ళ అంటే ఏమిటో ఆ రెండింటిని ప్రక్కప్రక్కన చూచిన విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు.

అట్టి కవర్ల నుండి బిళ్ళలను చించరాదు. కవరు మొత్తం దాచవలెను. బిళ్ళ, ముద్ర, చిరునామా మూడూ కలిసినప్పుడే అది చరిత్ర. మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970 ఫిబ్రవరి వరకు కర్నూలు జిల్లాలో ఉండినవి. తరువాత ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972 చివరలో ప్రకాశం జిల్లా అనే పేరు వచ్చినది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు మొదలైనది. మార్కాపురానికి 523316, గిద్దలూరికి 523357. ఒక కవరుపై ‘కర్నూలు జిల్లా’ అని ఉన్నదా, పిన్‌కోడు ఉన్నదా లేదా అని చూచి దాని కాలాన్ని ఉజ్జాయింపుగా చెప్పవచ్చును. అయితే కవరు వేరు, లోపలి ఉత్తరం వేరు. ఉత్తరం వ్రాసినవారిది, అందుకున్నవారిది. పెద్దల అనుమతి లేక దానిని విప్పరాదు, ప్రదర్శనలో పెట్టరాదు.

ఈ పనికి ఎక్కువ వ్యవధి లేదు. ఉత్తరాలు తగ్గిపోయినవి. 2025లో రిజిస్టర్డు పోస్టు కూడా స్పీడు పోస్టులో కలిసిపోయినది. ఇల్లు మారినప్పుడో, సున్నం వేసినప్పుడో ఆ రేకు పెట్టెలు పాత కాగితాలవాని తక్కెడకు పోతున్నవి. కిలో లెక్కన పోయినదానిని తిరిగి తెచ్చుకొనలేము.

కార్యవర్గానికి, విద్యార్థులకు మనవి

కళాశాల కార్యవర్గం వారు దయతో పరిశీలించవలెనని మూడు సూచనలు చేస్తున్నాము. గ్రంథాలయంలో ఒక బీరువా అర, పది ఆల్బములు, కొన్ని పట్టకార్లు, భూతద్దాలతో ఒక తపాలా బిళ్ళల సంఘం ప్రారంభించవచ్చును. ఒక క్రికెట్ కిట్టుకన్న దీనికి ఎక్కువ ఖర్చు కాదు. కళాశాల కార్యాలయానికి వచ్చే కవర్లను పారవేయక ఆ సంఘానికి ఇప్పించవచ్చును. పలక రాళ్ళను విదేశాలకు పంపే మన ఊరి వర్తకులను, వారికి వచ్చే కవర్ల కొరకు అభ్యర్థించవచ్చును. వార్షికోత్సవం నాడు విద్యార్థుల ఆల్బములను ప్రదర్శించినచో తల్లిదండ్రులకు కూడా ఈ పని విలువ తెలియగలదు. ఇంటిలో చిన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆరు నుండి తొమ్మిదవ తరగతి వరకు చదువుతున్నవారికి మరొక మాట: తపాలా శాఖ 2017లో ప్రారంభించిన దీన్‌దయాళ్ స్పర్శ్ పథకం, బిళ్ళల సేకరణలో ప్రతిభ చూపిన పాఠశాల విద్యార్థులకు ఏటా ఆరువేల రూపాయల ఉపకార వేతనాన్ని నిర్దేశించినది. దరఖాస్తు వివరాలకు పోస్టాఫీసులో విచారించవలెను.

విద్యార్థినీ విద్యార్థులారా! హిమక్రీడల బిళ్ళలు సేకరించినంత మాత్రాన ఎవరూ ధనవంతులు కారు. కాని కర్రలు పట్టిన స్కీ వీరుని చూచి బొమ్మను ప్రశ్నించడం, జిగురు చెడని ముద్రను చూచి ముద్రను ప్రశ్నించడం, ఖాళీ పుటను చూచి యుద్ధాన్ని స్మరించడం అలవడుతుంది. ఇల్మ్ అన్నా, విద్య అన్నా అదే. ఈ సెలవులలో ఇంటి పెద్దలను అడిగి ఒక్క పాత కవరునైనా వెలికి తీయుడు. దానిపై ఉన్న ముద్రను భూతద్దంతో చదివి, తేదీని నోటు పుస్తకంలో వ్రాసుకొనుడు. తక్కిన సేకరణ అక్కడి నుండి తానే మొదలవుతుంది.